నీళ్ల వెల

ధ్యానభాగము: 2 సమూయేలు 23:13-17



దావీదు దప్పిగొని బేత్లెహేము గవినియొద్ద బావినీళ్లు కోరగా, ముగ్గురు శూరులు శత్రుదండును చీల్చుకొని పోయి తెచ్చిరి. అతడు త్రాగక దేవుని సన్నిధిని పారబోసెను. వాటి వెల ఆ ముగ్గురి ప్రాణమని యెరిగెను.

దక్షిణ ఆఫ్రికాలోని కేప్ టౌన్ పట్టణమునకు మూడేండ్లు వానలు తగ్గెను. 2018లో కుళాయిలు ఆగిపోవు దినము సమీపించెను. ఫిబ్రవరి 1 నుండి మనిషికి దినమునకు 50 లీటర్లే అనిరి. వాడుక పెరిగినకొలది రేటు హెచ్చించిరి. పొదుపుగా వాడు ఇండ్లను పటముమీద పచ్చచుక్కలతో అందరికి చూపిరి. పట్టణపు వాడుక మూడేండ్లలో సుమారు సగమునకు దిగెను. ఆ దినము రాలేదు.

పొరుగువాడు పొదుపు చేయుట చూచినవాడు తానును చేయును. వెలగల వస్తువును ఎవడును ఊరక పారబోయడు. అయితే హెచ్చు రేటు ధనవంతునికి లెక్కకాదు. పదిమందియున్న పేదయింటికి భారము. గనుక ప్రతి యింటికి అవసరమైన నీళ్లు ముందు చౌకగా అందవలెను. ఆపైని వాడుకకే వెల పెరుగుట న్యాయము. రూకలు లేనివారినికూడ నీళ్లయొద్దకు పిలిచినవాడు మన దేవుడు (యెషయా 55:1).

మన పల్లెలలో చాలచోట్ల కుళాయికి మీటరు లేదు. అక్కడ మనస్సాక్షియే మీటరు. మొదటి వీధిలో కుళాయి కట్టకుండ విడిచినయెడల, కడపటి వీధిలో బిందెలు నిండవు. మనము పారబోసిన నీళ్ల వెలను ఆ వీధి తల్లి తన నడకతో చెల్లించుచున్నది. ఈ వారము మీ బిందెలు నిండగానే కుళాయి కట్టి, కడపటి వీధికి నీళ్లు చేరినవో లేదో పోయి చూడుడి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.