ధర్మరాజు ఇంట్లో 15 ఏళ్లు

శ్రీ గురుభ్యో నమః.

ఈ వారం వీడియోలో మహాభారతంలోని ఆశ్రమవాస పర్వం చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక ఒక ముక్క వదిలేశాను. నిజానికి టైమ్ కాదు, కెమెరా ముందు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం అయిపోయింది. వందమంది కొడుకులు పోయారు, రాజ్యం పోయింది. ఆ తర్వాత ధృతరాష్ట్రుడు పాండవుల దగ్గరే 15 ఏళ్లు ఉన్నాడు. ఇవాళ్టి మాటల్లో రిటైర్మెంట్ అనుకోండి. ధర్మరాజు ఆయన్ని ఎలా చూసుకున్నాడు? మంచి భోజనం, మంచి పడక, అవన్నీ సరే, ఉన్నవాడు ఎవడైనా పెడతాడు. అసలు సంగతి ఏంటంటే, ప్రతి రాజకార్యమూ పెదనాన్నని అడిగే చేసేవాడు. దానాలకి కావలసినంత ధనం ఆయన చేతికే ఇచ్చేవాడు. ఆయన ఖైదీల్ని విడిపించినా, మరణశిక్ష పడ్డవాళ్లని క్షమించినా ధర్మరాజు ఎందుకని కూడా అడగలేదు.

మా నాన్న కరెంటు ఆఫీసులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యారు. అమ్మనీ ఆయన్నీ హైదరాబాద్ తెచ్చుకున్నాను. బిల్లులన్నీ ఆటో పే. కూరగాయలు యాప్‌లో. మందులు నెలనెలా ఇంటికే. ఆయన చేతిలో ఒక్క పని కూడా లేకుండా అంతా ఆటోమేట్ చేసేశాను (మా ఫీల్డ్ జబ్బు ఇది). దాన్నే సేవ అనుకున్నాను.

వినాయక చవితికి అపార్ట్‌మెంట్ కమిటీవాళ్లు మా ఇంట్లో కూర్చుని మండపం లైటింగ్ గురించి మాట్లాడుతున్నారు. నాన్న వచ్చి "లోడంతా ఒకే ఫేజ్ మీద వేయకండి బాబూ" అన్నారు. నేను ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "మీకెందుకు నాన్నా, ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు, మీరెళ్లి పడుకోండి" అన్నాను. నలుగురి ముందు.

భారతంలో ఆ పని భీముడు చేశాడు. అన్నకి తెలియకుండా, ముసలాయనకి వినపడేలా, ఈ చేతులతోనే గుడ్డిరాజు కొడుకుల్ని చంపానని చెప్పుకున్నాడు. నాది అంత మాట కాదులే అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ రాత్రి నుంచి నాన్న ఒక్క చపాతీ తిని లేచిపోతున్నారు. ధృతరాష్ట్రుడూ అంతే, ఎవరికీ చెప్పకుండా ఉపవాసాలు చేశాడు. అడవికి వెళ్తానన్న రోజున గానీ ధర్మరాజుకి తెలియలేదు. ఇన్నాళ్లూ గమనించలేదే అని కుమిలిపోయాడు. నాకు అమ్మ చెప్పింది: "తెనాలి వెళ్లిపోదాం అంటున్నార్రా."

వానప్రస్థం అంటే అన్నీ వదిలేయడమే కదా, పెద్దవాళ్లు కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవాలి కదా అంటారు చాలామంది. వదలాల్సింది వాళ్లు. మనం లాగేసుకుంటే అది వైరాగ్యం ఎలా అవుతుంది? ధృతరాష్ట్రుడు కూడా పోయినవాళ్లకి శ్రాద్ధాలు పెట్టి, దానాలు చేసి, ప్రజల్ని పిలిచి సెలవు తీసుకునే వెళ్లాడు.

మొన్న ఆదివారం నాన్న పక్కన కూర్చుని "దసరాకి మండపం వైరింగ్ మీరే చూడాలి నాన్నా, కమిటీకి చెప్పేశాను" అన్నాను. తప్పయిపోయిందని అనడానికి మాత్రం నోరు రాలేదు. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మెయిన్ దగ్గర ఎర్త్ ఉందా?" అని అడిగారు. తెలీదని చెప్పాను. టెస్టర్ ఎక్కడ పెట్టావే అని అమ్మని అడుగుతూ లోపలికి వెళ్లారు.

తెనాలి బ్యాగు ఇంకా మంచం కిందే ఉంది, సర్దినది సర్దినట్టే.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.