గంగకు మాలిన్యము గలదా?

గంగ సర్వపాపహారిణి యని కోట్లకొలది జనులు విశ్వసించుచున్నారు. అట్టి నదిని మలినపఱచుట మానవునకు సాధ్యము కాదని కొందఱందురు. ఈ మాట భక్తినుండి పుట్టినదో, బాధ్యతను తప్పించుకొను కోరికనుండి పుట్టినదో విచారింపవలసియున్నది.

కాన్పూరు నగరమున గంగయొడ్డున నున్న జాజ్‌మవు తోళ్ళ పరిశ్రమకు పేరొందినది. తోళ్ళను పదును చేయుటకు క్రోమియము లవణమును వాడుదురు. తోలు పీల్చుకొనగా మిగిలినది నీటితో వెడలిపోవును. పూలు, ఆకులు, కళేబరములు నీటిలో పడినచో సూక్ష్మజీవులు వానిని క్రమముగా విచ్ఛిన్నము చేయును. లోహమట్లు కాదు, అది మూలపదార్థము. ఏ జీవియు దానిని జీర్ణించుకొని నశింపజేయజాలదు. 1994లో అచట దినమునకు 3 కోట్ల 60 లక్షల లీటర్ల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము నెలకొన్నది. నీటినుండి వేఱైన లోహము మడ్డిలో చేరినదే కాని లేకుండ పోలేదు. శుద్ధిచేసిన నీటిని పొలములకు మళ్ళింపగా, అందు మిగిలిన లోహము మట్టిని చేరినది. చోటు మారుట శుద్ధి యనిపించుకొనదు. జ్ఞానాగ్నిచే కర్మలు దగ్ధమగునని వేదాంతము బోధించును; క్రోమియమును దగ్ధము చేయు నగ్ని మాత్రము లేదు.

ఇక ఈ దోషమునకు కర్త యెవరు? తొట్లయొద్ద తడిసి పనిచేయు పేదవాడు ఆ విషమునకు మొదట గుఱియగువాడు. అతనిని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. 1987లో సుప్రీంకోర్టు ఈ విషయమున గంభీరమగు తీర్పు నిచ్చినది. కార్మికునకు కనీస వేతన మీయలేని పరిశ్రమకు మనుగడ లేనట్లే, ప్రాథమిక శుద్ధియంత్రమును నెలకొల్పలేని తోళ్ళ కర్మాగారమునకును మనుగడ లేదనియు, ధనము చాలదనుట సాకు కాదనియు దాని భావము. అనగా నదికి చేయు హాని కూడ సరకు వెలలో చేరవలసిన ఋణమే. ఆ ఋణము తీరనంతకాలము యజమాని లాభములోను, కొనువాని చౌకబేరములోను నది సొమ్ము కొంత యున్నట్లే.

తల్లి క్షమించునని తెలిసి ఆమెకు విషము పెట్టు బిడ్డను భక్తుడని యెవరందురు? పాపములను కడుగుమని గంగను ప్రార్థించువాడు, ఆమెచే కడుగ వీలుకాని దానిని ఆమెలో కలుపకుండుట మొదటి నియమము. గంగాజలమును శిరసున చల్లుకొనుటకు ముందు, తన పాదరక్షల వెలలో నది చెల్లించిన భాగమెంతయో ప్రతివాడును తన్నుదా నడుగుకొనవలెను.