కోపము శరణునకు తగునా?

2016వ సంవత్సరము జూలై 1వ తేదీన హైదరాబాదు పంజాగుట్టలో జరిగిన ఘోరమును పాఠకులు మరచియుండరు. బడినుండి ఒక చిన్నపాపను ఇంటికి తీసికొని వచ్చుచున్న కుటుంబము కారుపై, మద్యము సేవించిన విద్యార్థుల కారొకటి రోడ్డు నడుమనున్న డివైడరును దాటి ఎగిరివచ్చి పడెను. ఆ కుటుంబములోని యువకుడొకడు అక్కడనే ప్రాణములు విడిచెను. పాప వారము దినములకు పైగా మృత్యువుతో పెనుగులాడి కన్నుమూసెను. ఆ నెలలోనే తాతగారును మరణించిరి. ఒక సాయంకాలము ఒక ఇంటిలోని మూడు తరములను తాకి పోయెను.

ఆ దినములలో నగరమున దుఃఖముతో సమానముగా కోపము వినబడెను. ఇప్పటికిని ఇట్టి వార్త వచ్చినప్పుడెల్ల అదియే వినబడుచున్నది. నడివీథిలో శిక్షింపవలెననువారు కొందరు. కన్నవారినే చెరసాలలో పెట్టవలెననువారు కొందరు. బసవేశ్వరుని మార్గమున నడచుచున్నామని చెప్పుకొను మనకు ఇచట ఒక చిక్కు కలదు. దొంగతనము, హత్య, అసత్యము మొదలగువానితో ఒకే వరుసలో కోపమును కూడ నిలిపి వలదన్న గురువు ఆయన. హత్యకును కోపమునకును ఆయన పెట్టిన ఎడము అంత స్వల్పము. అట్లని, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియెదుట నిలిచి "అమ్మా, కోపింపకుము" అని చెప్పగలమా? చెప్పినచో అది ధర్మబోధ యగునా, నిర్దయ యగునా?

పరామర్శకు పోయినవారు ఇంకను రెండు మాటలు చెప్పుచుందురు. "దాని ఆయువు అంతే" అనునది ఒకటి. ముహూర్తములను, శకునములను త్రోసిపుచ్చిన శరణుల సంతతి నోట ఈ మాట రాదగదు. త్రాగి నడిపినవాడు ఆ పాప ఆయువును కొలిచి తెచ్చిన దూత కాడు. రెండవ మాట ఇంతకంటె సూక్ష్మమైనది: "లింగైక్యము చెందినది, ఏడువరాదు" అనునది. మనము మరణసూతకము పాటింపము. శరణులు మరణమును పండుగవలె ఎదుర్కొనిరని మన పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. కాని అది తన మరణమును గూర్చి తాను చెప్పుకొనదగిన మాట. పరుల బిడ్డ మరణమును గూర్చి, అందులోను చంపినవాని తరఫున, చెప్పదగిన మాట కాదు. శరణుని ధైర్యమును దోషి అరువు తీసికొనుటకు వీలులేదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన గొడగూచి కథ మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలియును. పాలగిన్నెతో శివుని యెదుట నిలిచి, స్వామి పాలు త్రాగలేదని బెంగపడి ఏడ్చిన పసిపిల్ల ఆమె. ఆ కన్నీటికి శివుడు దిగివచ్చెను. వచ్చి ఆమెకు వేదాంతము చెప్పలేదు. పాలు త్రాగెను. పసిబిడ్డ దుఃఖము ముందు దేవుడే వాదింపక లొంగినప్పుడు, బిడ్డకొరకు ఏడ్చువారికి తత్త్వము బోధించుటకు మనమెవరము?

కావున దుఃఖము తగును. కోపము మాటయేమి?

ముందుగా ఒక పదమును గూర్చి కొంత ఆగి ఆలోచింపవలెను. ఇట్టి మరణములను పత్రికలు 'రోడ్డు ప్రమాదము' అని వ్రాయుచున్నవి. మనమును అట్లే అనుచున్నాము. ప్రమాదమనగా నేడు మనకు ఎవరి చేతిలోను లేని ఆపద, పిడుగుపాటు వంటిది. కాని సంస్కృతమున ఆ శబ్దమునకు అర్థము ఏమరుపాటు, కర్తవ్యమును మరచుట. 'మద్' అను ధాతువునుండియే మదము, మద్యము, ఉన్మాదము, ప్రమాదము అన్నియు పుట్టినవి. మద్యమును ప్రమాదమును ఒక తల్లి బిడ్డలు. పూర్వులు ఆ మాట పలికినప్పుడు దోషము మనుష్యునిదే యను భావము అందులోనే ఇమిడియుండెడిది. మనము పలుకునప్పుడు దోషము జారిపోయి ఆపద మాత్రము మిగులుచున్నది. మాట అర్థము మారినదని భాషావేత్తలు సరిపెట్టుకొందురు గాక. మనకు మాత్రము అంతటితో సరిపోదు, ఏలయన ఆ మార్పులో ఒక అపరాధి తప్పించుకొనుచున్నాడు.

మద్యము మొదట హరించునది వివేకమును. చేతులు తడబడుట ఆ తరువాతి సంగతి. త్రాగినవానికి తాను బాగుగనే నడపగలనను ధైర్యము తగ్గుటకు బదులు పెరుగును. అందుచేత "ఆ సమయమున నాకు తెలివి లేదు" అను సాకు చెల్లదు. తెలివి ఉన్న గడియ ఒకటి ఉండెను. మొదటి గ్లాసు ఇంకను ముట్టనప్పుడు, కారు తాళపుచెవి జేబులో ఉన్నప్పుడు, ఇంటికి ఎట్లు పోవుదునని తన్ను తాను ప్రశ్నించుకొనదగిన గడియ. తప్పు జరిగినది అప్పుడు. రోడ్డుమీద కనబడినది దాని ఫలము. ఆ గడియలో అతడు ఒంటరిగా ఉండుటయు అరుదు. ప్రక్కన స్నేహితులు ఉందురు, అమ్మువాడు ఉండును. తెలంగాణమున 21 సంవత్సరములు నిండనివారికి మద్యము అమ్మరాదను నిబంధన కలదు; అమ్మువాడు వయస్సు అడిగిన దినములెన్ని?

న్యాయశాస్త్రమును ఈ భేదమును మెల్లమెల్లగా గుర్తించుచు వచ్చినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను, 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారము ఉన్నవాడు బండి నడుపుటయే నేరమనుచున్నది. ఎవరికిని దెబ్బ తగులనక్కరలేదు. 2006 నవంబరులో ముంబయి బాంద్రాలో కాలిబాటపై నిద్రించుచున్న కూలీల మీదికి కారు పోయి ఏడుగురు మరణించిన కేసులో, అది వట్టి నిర్లక్ష్యము కాదనియు, ప్రాణములు పోవచ్చునని తెలిసి చేసిన నేరమనియు సుప్రీంకోర్టు 2012లో స్థిరపరచెను. అయినను నిలిచిన శిక్ష మూడేండ్లే. ఏడు ప్రాణములకు మూడేండ్లనగానే కడుపు మండనివాడు ఎవడు?

ఇట్టి మంటకు మన ధర్మమున చోటు లేకపోలేదు. పంచాచారములలో గణాచారము ఒకటి. శివునకు, శివశరణులకు జరుగు అపచారమును చూచి ఊరకుండరాదనుట దాని సారము. ప్రాణమున్న ప్రతి దేహమును దేవాలయమని నేర్చినవారికి, వీథిలో నలిగిన పసిదేహమును మించిన శివాపచారము మరేమి? కావున ఊరకుండుట శరణధర్మము కాదు. 2024 మే 19న పూనాలో ఇద్దరు యువ ఇంజనీర్లు కారు క్రింద పడి మరణించిరి. దానిని నడిపినట్లు ఆరోపింపబడిన 17 ఏండ్ల బాలునకు బెయిలు ఇచ్చుచు, 300 పదముల వ్యాసము వ్రాయుమని ఒక షరతు పెట్టిరి. దేశమంతట ఆగ్రహము రేగుటచేతనే ఆ ఉత్తరువు కొద్ది దినములలో పునఃపరిశీలనకు వచ్చెను. అట్టి ఆగ్రహమును తప్పనలేము.

అయితే గణాచారమునకు తోడుగా పెద్దలు భృత్యాచారమును కూడ చెప్పిరి. నేను సేవకుడను, అందరికంటె చిన్నవాడను అను ఎరుక అది. ఇది తోడు లేని గణాచారము ఏమగునో కళ్యాణము చెప్పును. 12వ శతాబ్దిలో శరణులకు బిజ్జలుడు విధించిన క్రూరశిక్షకు కోపము రగిలెను, బిజ్జలుడు హతుడయ్యెను. ఆ కథను కవులు పలువిధముల చెప్పిరి గాని ఫలము విషయమున భేదము లేదు. శరణులు కళ్యాణమున నిలువలేక తలయొక దిక్కునకు చెదరిపోయిరి. అన్ని కులములవారు కలసి కూర్చుండి మాటలాడిన అనుభవమంటపము మూగవోయెను. ఆ కోపము అన్యాయమైనదని నేననను. న్యాయమైన కోపమునకును అంత మూల్యము పడినదని మాత్రము అందును.

మరియొక కోపమును మన తరమువారు కన్నులార చూచిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాయిమీద తిరుగబడిరి. రోశమ్మ పేరు నాడు ఇంటింట వినబడెను. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. రెండవది 1997లో సడలిపోయెను. ఆ ఉద్యమము గెలిచినదా ఓడినదా యను చర్చ ఇచట వలదు. నాకు తోచిన విశేషము వేరు. ఆ స్త్రీలు కోపించినది దూరమున ఉన్న ఎవరో దుర్మార్గునిపై కాదు. తమ ఊరి అంగడిపై, తమ మగలపై, తమ కొడుకులపై. మొదటి అడుగు తమ వీథిలోనే వేసిరి. పంజాగుట్ట దోషులను గూర్చి కేకలు వేయుట మనకు సులభము, ఏలయన వారు మన పిల్లలు కారు.

మన పిల్లలను చూతము. లింగధారణ చేసిన మెడతోనే పందిరి వెనుక సీసాలు విప్పు పెండ్లిండ్లు మనలో లేవా? పెండ్లికొడుకు స్నేహితులకని ఒక గది ప్రత్యేకముగా అమర్చి, అటువైపు పెద్దలు పోకుండ మర్యాద పాటించు కుటుంబములు లేవా? "ఈ కాలపు పిల్లలు" అని చిరునవ్వు నవ్వి, తెల్లవారుజామున వారు బండ్లెక్కి పోవుచుండ వక్క నములుచు చూచు మేనమామలు లేరా? లైసెన్సు చేతికి రాకమునుపే కొడుకునకు మోటారుసైకిలు కొని, పటము ముందు పూజ చేయించి ఇచ్చు తండ్రులను నేనెరుగుదును. 2019 సవరణ తరువాత, మైనరు నడిపిన బండి చేసిన నేరమునకు తండ్రియు బాధ్యుడు. చట్టము చెప్పువరకు ఆ సంగతి తోచకపోవుటయే విచారకరము.

మఠముల పెద్దలు క్షమింతురుగాక, ఇంకొక మాట కలదు. మద్యపు అంగళ్ల ఆదాయమునుండి వచ్చిన విరాళముతో దాసోహము జరిగిన చోట్లు ఉన్నచో, ఆ అన్నము ఏ పేరు పొందును? ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరుకొని బ్రతికిన శరణుడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ ఆ అధికమును మరల అక్కడనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఒకరి ప్రాణము తీసి తెచ్చినది అంతకన్న కాదు. కేవలము ఎక్కువ, అంతే. కాయకము శుద్ధము కానిచో దాసోహము శుద్ధము కానేరదని ఆమె గడప వద్దనే తేల్చెను. మన గడపల వద్ద ఆ ప్రశ్న అడుగువారెవరు?

హైదరాబాదులో త్రాగి నడుపుచు పట్టువడినవారిని గోషామహలులోని ట్రాఫిక్ శిక్షణ సంస్థకు కుటుంబసభ్యునితో కూడ రప్పించి హితవు చెప్పు ఏర్పాటు కలదు. కొడుకు ప్రక్కన తల వంచుకొని కూర్చున్న తండ్రిని తలచుకొనుడు. అతనిపై నాకు కోపము రాదు, జాలి కలుగును. దయ లేనిది ధర్మము కాదని నేర్చినవారము కనుక కోర్టు విధించు శిక్షను కోరుచునే ఆ తండ్రికొరకు కూడ జాలిపడగలగవలెను. ఇది కష్టము. చనిపోయిన పాప తల్లినుండి దీనిని ఎవరును ఆశింపరాదు. ఆమె కోపము ఆమెది. దానికి కొలత పెట్టు అధికారము మనకు లేదు. కొలత మన కోపమునకే కావలెను.

శరణబంధువులకు ఒక చిన్న మనవి. రాబోవు పెండ్లిండ్ల కాలమున, శుభలేఖలో మఠము పేరు అచ్చువేయు చోటనే, ఈ వివాహమున మద్యము ఉండదని ఒక పంక్తి చేర్పింపుడు. బంధువులలో కొందరు నవ్వుదురు, కొందరు రారు. అయినను బయట త్రాగి వచ్చువారు కొందరుందురు గనుక, రాత్రి భోజనములు ముగియు వేళకు గుమ్మము వద్ద ఒక పెద్దను నిలిపి, అనుమానము కలిగిన ప్రతి యువకుని తాళపుచెవి అడిగి తీసికొనుటకు ఏర్పాటు చేయుడు. ఆ పెద్ద మేనమామ యైనచో మరియు మంచిది. పదిమందిలో మేనల్లుడు ఆయన చేయి త్రోసివేయలేడు. తాళపుచెవి ఇచ్చి, రాత్రికి అక్కడనే చాప పరచుకొని పండుకొనును.