పాలిచ్చు తల్లి – పనిగంటలు

“ఏడువనిదే తల్లియైనను పాలీయదు” అను సామెతను మనవారు అర్జీ పెట్టుకొనువానికి చెప్పుచుందురు. గుమాస్తాగా నేనును పలుమారులు చెప్పితిని. ఈ సామెతలో ఒక సంగతి యిమిడి యున్నది. బిడ్డ యేడ్పు తల్లికి వినబడవలెను. పూర్వము చేని గట్టున చెట్టుకొమ్మకు ఉయ్యెల కట్టెడివారు, వినబడెడిది. నేడు బిడ్డ తళిలో అవ్వ యొడిలో నేడ్చును. తల్లి హోసూరు సిప్కాటులో యంత్రము ముందు నిలిచి యుండును. ఆ యేడ్పును వినుపని చట్టము మీద పడినది.

1919లో వాషింగ్టనున కూడిన అంతర్జాతీయ కార్మిక మహాసభ, పాలిచ్చు తల్లికి పనివేళలో దినమునకు రెండుమారులు అరగంట చొప్పున విరామ మీయవలెనని నిర్ణయించెను. మన దేశమున 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, బిడ్డకు 15 నెలలు నిండువరకు, మామూలు విశ్రాంతి గాక రెండు విరామములు కల్పించెను. 50 మందికి తక్కువగాక పనిచేయుచోట శిశుగృహ ముండవలెనని 2017 సవరణ చేర్చెను. ఈ యేర్పాట్లు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికి వచ్చినవి.

ఇది యజమాని దయయా, తల్లి హక్కా? మొదట బిడ్డ హక్కని నాకు తోచుచున్నది. తల్లి హక్కు మాత్రమే యైనచో, కూలికి వెఱచి ఆమె “నాకక్కరలేదు” అని వ్రాలుచేయవచ్చును. బిడ్డ యాకలిని వ్రాసి యిచ్చు అధికార మామెకును లేదు. అట్లని పాలీయలేని తల్లిని దోషిగా నిలుపుటయు తగదు. చట్టము తలుపు తెరువవలెను గాని మెడపట్టి నెట్టరాదు.

నేనొక మిల్లు కచేరీలో హాజరుపట్టీ వ్రాయుకాలమున, ఒక చిన్నది మధ్యాహ్నము ఇంటికిపోయి బిడ్డకు పాలిచ్చి పావుగంట ఆలస్యముగా వచ్చెడిది. నేను ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టితిని. మూడు గుర్తులకు ఒకనాటి సెలవు తెగెడిది. ఆమె మారు పలుకలేదు. చట్టపు పుస్తకము బీరువాలోనే యుండెను, తీసి చూడలేదు. ఒకనాడు పని తెమలక ఆమె పోలేకపోయెను. పాలు చేపి కొంగు తడిసినది. నేను చూచితిని, చూడనట్లు తలవంచి వ్రాసికొంటిని. తెలియక చేసితినని చెప్పుకొన్నను, చూచితిని గదా!

మఱి 49 మంది యున్నచోట బిడ్డకు ఆకలి తక్కువా? చిన్న యజమానికి శిశుగృహము బరువే, కాదనను. బాగలూరు పూలతోటలలో తెల్లవారుజామున గులాబీలు కోయు కూలికి, కృష్ణగిరిలో మామిడిగుజ్జు కాలమున కంట్రాక్టరు తెచ్చిన కూలికి, చాలచోట్ల పేరెక్కిన పట్టీయే యుండదు. విరామ మెచ్చట వ్రాయుదురు? 2015లో తమిళనాడు ప్రభుత్వము బస్సుస్టాండులలో పాలిచ్చు గదులు తెఱపించినది. బాటసారి తల్లికి దొరకిన చాటు తోటలోని తల్లికి దొరకలేదు.

తోటలు గల కుటుంబములు మనలోనే యున్నవి. వారిని నేను కోరునది కొంచెమే: ఒక తడిక, ఒక చాప, కుండలో మంచినీరు. బిడ్డ నెత్తుకొని వచ్చు అవ్వకు బస్సు ఛార్జీ.