ఒంటరి బాటసారి – దారిపక్క డేరా

ధ్యాన భాగము: మొదటి రాజులు 19వ అధ్యాయము





మిట్టేమరి చుట్టుపట్ల పల్లెల నుండి బ్రతుకుదెరువుకై బెంగుళూరు చేరిన మన కుటుంబములలో ఒక ప్రశ్న లేచినది. ఒక యౌవనుడు వచ్చే జూలైలో మనాలి నుండి లేహ్ వరకు సైకిలుపై ఒంటరిగా పోవ నిశ్చయించుకొనెను. తల్లి "వాణ్ణి ఆపండయ్యా" అని సంఘ పెద్దలను వేడుకొనుచున్నది. కుమారుడేమో "నాకెవరూ అక్కరలేదు, నేనూ నా సైకిలూ చాలు" అనుచున్నాడు. వీరిద్దరికే గాక, పరాయి పట్టణములో కాపురమున్న మనందరికీ ఇందులో ఒక పాఠమున్నది.

మొదట ఆ త్రోవ ఎట్టిదో తెలిసికొందము. మన బాగేపల్లి మీదుగా పోవు హైవే మీద కాశ్మీరు నుండి కన్యాకుమారికి సైకిలు తొక్కువారిని మీలో కొందరు చూచియుందురు. ఆ దారిలో టీ కొట్టునకు కొదువ లేదు. లేహ్ త్రోవ అట్టిది కాదు. బెంగుళూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మనాలి 2,000 మీటర్ల పైచిలుకు. అక్కడ నుండి రోహ్‌తంగ్ కనుమ 3,978 మీటర్లు, చివరకు తంగ్లాంగ్ లా 5,328 మీటర్లు. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో దాదాపు సగమే. దార్చా దాటినది మొదలు చాల దూరము స్థిరమైన ఊరు కానరాదు. వేసవిలో మాత్రము సర్చు, పాంగ్ వంటి చోట్ల డేరాలు వేసి బాటసారులకు అన్నము, టీ, పడుకొను చోటు ఇచ్చెదరు.

ఏలీయా ప్రవక్త కూడ అరణ్యమునకు ఒంటరిగానే పోయెను. తన దాసుని బెయేర్షెబాలో విడిచిపెట్టి, ఒక దినప్రయాణము నడిచి, బదరీ వృక్షము క్రింద చతికిలబడి, ఇక చాలునని చావు కోరుకొనెను. దేవుడు ఆయనతో ఎట్లు వ్యవహరించెనో గమనించిన యెడల మూడు సంగతులు కనబడును.

మొదటిది, ఆగుట. దేవుడు ఏలీయాను గద్దించలేదు. నిద్రపోనిచ్చెను, లేపి తినిపించెను, మరల నిద్రపోనిచ్చెను, మరల తినిపించెను. ఆ తరువాతనే నలువది దినముల ప్రయాణము. కొండల వైద్యము ఎరిగినవారు చెప్పునదియు ఇదే. 3,000 మీటర్లు దాటిన పిమ్మట రాత్రి పడుకొను చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు దినములకొకసారి ఒక దినము పూర్తిగా ఆగవలెను. తలనొప్పి, వాంతి వచ్చిన పైకి పోరాదు. నడక తూలినను, కూర్చున్నచోటనే ఆయాసము వచ్చినను వెంటనే క్రిందికి దిగవలెను. కండబలముగల యౌవనులే తొందరపడి పైకెక్కి జబ్బుపడుట కలదు. మంచు కరిగి రోడ్డును దాటి పారు వాగులు ఉదయము పలుచగా ఉండి, ఎండ ముదిరిన కొలది మధ్యాహ్నమునకు ఉరవడిగా పారును. కనుక ఉదయమే దాటవలెను, లేదా మరునాటి వరకు కాచుకొనవలెను. సైటు అప్పు తీర్చుటకు రెండు షిఫ్టులు చేయుచు ఆదివారము కూడ విశ్రమించని సహోదరులారా, ఈ మాట మీకును చెందును.

రెండవది, పుచ్చుకొనుట. ఏలీయా తిన్న రొట్టె ఆయన కాల్చినది కాదు, నీళ్లు ఆయన తోడినవి కావు. 1900వ సంవత్సరమున మాక్స్ హిర్ష్‌బర్గ్ అను యువకుడు బంగారముపై ఆశతో కెనడాలోని డాసన్ నుండి అలాస్కాలోని నోమ్ పట్టణమునకు, గడ్డకట్టిన యూకాన్ నది వెంబడి ఒంటరిగా సైకిలు తొక్కెను. దారిలో మంచు విరిగి నీటిలో పడి తన బంగారపు సంచిని పోగొట్టుకొనెను. సైకిలు చైను తెగిపోగా, కోటునే తెరచాపవలె కట్టి గాలివాటున మంచుపై సాగెను. గొప్ప సాహసమే! అయినను ఆ నది పొడవున ఎవరెవరో కట్టిన బాటసారుల బసలు లేనియెడల అతడు నోమ్ చేరగలిగెడివాడా?

లేహ్ త్రోవ కూడ అంతే. లడఖ్ కొండలలో రోడ్లు వేసి, విరిగిన చరియలను తొలగించువారిలో జార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతము నుండి వలసపోయిన కూలీలు అనేకులున్నారు. వారును మనవలెనే ఇల్లు విడిచినవారు. "నేనూ నా సైకిలూ" అనువాని చక్రము క్రింద ఆ వలసకూలీల చెమట ఉన్నది. మనము కట్టుకొన్న ఇండ్ల క్రిందను ఎవరెవరి చెమటో ఉన్నది.

మూడవది, లెక్క సరిచూచుకొనుట. "నేనొక్కడనే మిగిలితిని" అని ఏలీయా లెక్క. దేవుని లెక్కలో ఏడువేలమంది ఉన్నారు. పైగా ఎలీషాను తోడిచ్చెను. మన తెలుగు బాప్టిస్టు మిషనుకును ఒకప్పుడు "ఒంటరి నక్షత్రము" అని పేరు. ఫలము కానరాలేదని 1853లో దానిని మూసివేయుటను గూర్చి చర్చ జరిగెను గాని మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండపై ప్రార్థించినవారు ఐదుగురు: జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంటరి నక్షత్రము కూడ ఒంటరిగా మోకరించలేదు.

కాబట్టి మా మాట ఇది. అమ్మా, ఎదిగిన బిడ్డను కట్టివేయలేము. ఆపుటకు బదులు అడుగుము: ఏ రాత్రి ఎక్కడ పడుకొందువు? ఎన్ని దినములు విశ్రాంతికి పెట్టుకొంటివి? నాయనా, నీవును ఆ బసల పేర్లు, తేదీలు వ్రాసి అమ్మ చేతికిమ్ము. ఫోను పలుకని చోట్లు ముందే చెప్పుము. ట్యూబులు, పంపు, చైను లింకులు ఎంత అవసరమో, వెనుదిరిగి వచ్చు వినయము అంతకంటె అవసరము. నీవు సగము దారిలో తిరిగివచ్చినను సంఘములో ఎవరును నవ్వకుందురు గాక.

సంఘమా, మన పని ఇంకొకటి ఉన్నది. ఇల్లు విడిచి మన నడుమకు వచ్చి, ఒక్క గదిలో ఒంటరిగా ఉండి, వండుకొనక పస్తు పడుకొను బిడ్డలున్నారు. వారికి ఈ పట్టణమే అరణ్యము. ఆరాధన ముగియగానే వారు బస్టాపునకు పోవుదురు, మనము ఇంటికి పోవుదుము. ఇకమీదట ఆదివారమునకు ఒక ఇల్లు చొప్పున వంతు వేసికొందము. సంగటి ముద్ద, ఇంత పులుసు చాలును. దూత తెచ్చినదియు విందు కాదు, నిప్పులమీద కాల్చిన రొట్టె, కుండెడు నీళ్లు. దారిపక్క డేరావలె మన గుమ్మము తెరచియుండుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.