మేడిపండులోని పరమార్థం



ఏటా చవితి ముందు మనమంతా టెక్కా మార్కెట్‌లో, సెరంగూన్ రోడ్డు దుకాణాలలో పత్రి కోసం తిరుగుతాం. 21 రకాలూ దొరకవు. దొరికినవాటితో పూజించి, మిగిలినవాటి బదులు అక్షతలు సమర్పించి తృప్తి పడతాం. ఆ 21లో అశ్వత్థ పత్రం, అంటే రావి ఆకు ఒకటి. వృక్షాలన్నింటిలో తాను అశ్వత్థమని గీత పదవ అధ్యాయంలో భగవానుడే చెప్పాడు. మేడిని దత్తాత్రేయస్వామి నివాసంగా కొలుస్తాం. రావి, మర్రి, మేడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. "చెట్టుకు దణ్ణమెందుకు?" అని మన పిల్లలు అడిగితే ఏం చెబుదాం? ఒక మంచి సమాధానం మేడిపండులోనే ఉంది.

మేడిపండు పొట్టలోని పురుగులను వేమన పిరికివాడి బింకానికి పోలికగా చెప్పాడు. అయితే ఆ పురుగులలో ఒకటి లేనిదే మేడిచెట్టుకు సంతానమే లేదు. మేడిపువ్వును ఎవరూ చూడలేరంటారు గదా, ఆ పూలన్నీ కాయ లోపలే ఉంటాయి. చీమకన్నా చిన్నదైన ఒక కందిరీగ, కాయ కొనన ఉన్న సన్నని రంధ్రం గుండా లోపలికి దూరుతుంది. ఆ ఇరుకులో దాని రెక్కలు ఊడిపోతాయి. తాను పుట్టిన చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం విడుస్తుంది. దాని పిల్లలలో మగవాటికి రెక్కలుండవు. అవి తమవారికి బయటకు దారి తొలిచి మరణిస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుని మరో చెట్టుకు ఎగిరిపోతాయి. చెట్టు ఇల్లిస్తుంది, కీటకం వంశం నిలుపుతుంది. ఆరు కోట్ల ఏళ్లకు పైగా ఇలా ఒకదానికొకటి తగినట్లుగా మారుతూ వచ్చాయి. శాస్త్రజ్ఞులు దీన్ని సహపరిణామం అంటారు.

ఈ బంధం ఆ ఇద్దరితో ఆగలేదు. ఆ కందిరీగ ఆయుష్షు ఒకటి రెండు రోజులే. కనుక అడవిలో ఎక్కడో ఒకచోట ఈ జాతి చెట్టు ఏదో ఒకటి ఎప్పుడూ కాస్తూనే ఉండాలి. అందుకే వేరే పండ్లు లేని కాలంలోనూ ఇవి లోకానికి అన్నం పెడతాయి. ప్రపంచంలో 1,200కు పైగా పక్షులు, జంతువుల జాతులు ఈ పండ్లు తింటాయి.

మన సింగపూర్‌లోనే చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ కనుమరుగైన హార్న్‌బిల్ పక్షులు 1994లో పులావ్ ఉబిన్‌లో మళ్లీ కనిపించాయి. గూడుకు తగిన పెద్ద తొర్రలు లేక ఇబ్బంది పడుతుంటే, ఇక్కడివారు చెట్లకు గూటి పెట్టెలు అమర్చి ఆదుకున్నారు. ఆ పక్షులు మర్రి జాతి పండ్లు తిని, గింజలను దూరదూరాలకు చేర్చి రుణం తీర్చుకుంటున్నాయి. మనం ఇష్టంగా తినే దురియన్ పండు కూడా రాత్రివేళ తేనె కోసం ఆ పూలకు వచ్చే గబ్బిలాల చలవే.

గీత మూడవ అధ్యాయంలో యజ్ఞాన్ని గురించి చెబుతూ, దేవతలు, మానవులు ఒకరినొకరు పోషించుకుంటేనే ఇరువురికీ శ్రేయస్సని శ్రీకృష్ణ పరమాత్మ బోధించాడు. తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అని కూడా అన్నాడు. మేడిపండులో నిత్యం జరిగేది ఆ యజ్ఞమే.

ఇంకొక్క సంగతి. ఈ జాతి చెట్టును, దాని కందిరీగ లేని దేశంలో నాటితే చెట్టు ఏపుగా పెరుగుతుంది, కాయలూ కాస్తుంది. వాటిలో మొలకెత్తే విత్తనం మాత్రం ఉండదు. ఇది మనం ఆలోచించవలసిన మాట. దేశం దాటి వచ్చి పండుగలను ఇక్కడ నాటుకున్నాం. పూజలు, పులిహోర, ఉండ్రాళ్లు అన్నీ ఉన్నాయి. వాటి అర్థాన్ని పిల్లల మనసులోకి మోసుకెళ్లే కథ, భాష, అమ్మమ్మ తాతయ్యల సాంగత్యం ఉన్నాయా? అవి లేకపోతే వేడుక జరుగుతుంది గానీ, మరో తరానికి మొలకెత్తదు.

కనుక ఈ చవితికి దొరికిన పత్రి నాలుగు రకాలే అయినా, ఒక్కొక్క ఆకు పేరు పిల్లలచేత తెలుగులో పలికిద్దాం. ఆ మొక్కను నమ్ముకుని ఏ ప్రాణి బతుకుతుందో చెబుదాం. పార్కులలో ఆకులు కోయడం ఇక్కడి చట్టానికి, మన ధర్మానికి కూడా విరుద్ధం. బాల్కనీ కుండీలో ఒక తులసి, ఒక కరివేప పెంచుదాం. తులసి పూతకు వచ్చే తేనెటీగను తోలేయక, పిల్లలకు చూపిద్దాం. ఏనుగు తల, ఎలుక వాహనం కలిగిన మన గణపతికి ఆ చిన్న ప్రాణి మీద చూపే దయ తప్పక ప్రీతి కలిగిస్తుంది.

శుభం భూయాత్.