ఒంటరిగా నిలబడేది ఏదీ లేదు

హైదరాబాద్ మాదాపూర్‌లో ఎవరినైనా ఏం చేస్తుంటారని అడిగి చూడండి. ముందు కంపెనీ పేరు చెబుతారు, ఆ వెంటనే హోదా. ఏళ్లుగా నా జవాబూ అదే.

మొన్నామధ్య నా పక్క సీటు కుర్రాడి ఉద్యోగం పోయింది. మధ్యాహ్నం హెచ్‌ఆర్ వాళ్లు పిలిచారు, సాయంత్రానికి లాప్‌టాప్ తీసేసుకున్నారు. గేటు దగ్గర బ్యాడ్జీ పెడితే ఎర్ర లైటు వెలిగింది. సెక్యూరిటీ గార్డు తన కార్డు పెట్టి బయటకు పంపాడు. రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర నిలబడి, "అన్నా, ఇప్పుడు నేనెవర్ని?" అన్నాడు.

ఆ ప్రశ్నే నన్ను బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడి దగ్గరికి తీసుకెళ్లింది. 'మూలమధ్యమక కారిక'లోని 27 ప్రకరణాల్లో ఆయన కదలికను, నిప్పును, కాలాన్ని, 'నేను' అనేదాన్ని, చివరికి నిర్వాణాన్ని కూడా వదలకుండా పరీక్షించాడు. దేని మీదా ఆధారపడకుండా తనంత తానుగా ఉండే స్వభావం దేనికీ లేదని తేల్చాడు. కారణాలు కూడితేనే ఏదైనా ఉంటుంది. ఆ ప్రతీత్య సముత్పాదాన్నే శూన్యత అన్నాడు.

ఆ కుర్రాడి 'సీనియర్ ఆర్కిటెక్ట్' హోదానే విప్పి చూద్దాం. ఎక్కడో అమెరికాలో క్లయింటు సంతకం పెడితే ప్రాజెక్టు వచ్చింది. ఊళ్లో నాన్న పొలం అమ్మి ఫీజు కట్టాడు. నైట్ షిఫ్టుకు క్యాబ్ డ్రైవర్ నిద్ర మానుకున్నాడు. తెల్లారకముందే హౌస్‌కీపింగ్ అక్క వచ్చి ఫ్లోరంతా తుడిచింది. ఈ నగరం తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. 1955లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు కోసం ఇక్ష్వాకుల విజయపురి, బౌద్ధ విహారాలు వెలసిన లోయ నీట మునిగింది. మన కప్పులో కాఫీకి కూడా అంత వెనకటి కథ ఉంది. వీటన్నిటినీ పక్కన పెట్టి వెతికితే 'సీనియర్ ఆర్కిటెక్ట్' అనేవాడు విడిగా ఎక్కడా దొరకడు.

పోయింది ఆ కూడికే. ఆ కుర్రాడికి మార్పులేని స్వభావమే ఉండి ఉంటే కొత్తది నేర్చుకోవడం, మళ్లీ లేచి నిలబడటం సాధ్యమయ్యేవి కావు. అంతా శూన్యమైతే ఏదీ సాధ్యం కాదన్న ప్రత్యర్థులకు 24వ ప్రకరణంలో నాగార్జునుడు ఇచ్చిన సమాధానం ఇదే: శూన్యత ఉండబట్టే లోకంలో ఏదైనా జరగడానికి వీలుంది.

శూన్యతను తప్పుగా అర్థం చేసుకోవడం పామును తప్పుగా పట్టుకోవడం లాంటిదని కూడా ఆయనే హెచ్చరించాడు. ఉద్యోగం పోయినవాడి దగ్గరికి వెళ్లి అంతా శూన్యమే కదా, బాధెందుకు అనడం అలాంటి పట్టే. ఐదో తారీఖున కట్టాల్సిన ఈఎంఐ వ్యవహార సత్యం, అంటే రోజువారీ లోకంలో చెల్లే నిజం. వ్యవహారాన్ని ఆసరా చేసుకోకుండా పరమార్థాన్ని బోధించడం కుదరదని ఆయన స్పష్టంగా చెప్పాడు.

శూన్యత నాకు నేర్పింది బాధ్యత. ఎవరూ తమంత తాముగా నిలబడలేదు కనుక, పడిపోయినవాణ్ణి నీ ఖర్మ అని వదిలేసే హక్కు మనకు లేదు. మీ ఫ్లోరులో ఒక సీటు ఖాళీ అయితే ఆ రాత్రే ఫోన్ చేయండి. రెజ్యూమె అడిగి తీసుకుని, తెలిసిన నలుగురికీ పంపండి.